అంగడిలోని అన్నబ్రహ్మము

తైత్తిరీయోపనిషత్తునందు భృగువల్లి అను భాగము కలదు. వరుణుని కుమారుడైన భృగువు తండ్రి కడకేగి బ్రహ్మమును బోధింపుమని ప్రార్థించెను. తండ్రి లక్షణమును మాత్రము సూచించి, తపస్సుచే తెలిసికొమ్మని పంపెను. భృగువు తపమొనర్చి మొట్టమొదట తెలిసికొన్నది అన్నము. అటుపై ప్రాణము, మనస్సు, విజ్ఞానము, ఆనందము అను మెట్లను ఒకదాని తరువాత ఒకటిగ ఎక్కెను. ఈ కథను చదువువారు సాధారణముగ చివరి మెట్టును చేరగనే మొదటి మెట్టును మఱచిపోదురు. ఉపనిషత్తు మాత్రము మఱవలేదు. ఆనందమును చెప్పిన వెంటనే అది మఱల అన్నమువద్దకే దిగివచ్చి సాధకునకు కొన్ని వ్రతములను విధించుచున్నది. అన్నమును నిందింపరాదు. దానిని త్రోసివేయరాదు. దానిని వృద్ధి పొందింపవలెను. ఆశ్రయము కోరి వచ్చినవానిని వెడలగొట్టరాదు.

ఈ వ్రతములలో ఒక విశేషము గమనింపదగియున్నది. ఇవి ఏకాంతమున గుహలో కూర్చుండి పాటింపగల నియమములు కావు. అన్నమును వృద్ధి చేయుటకు పొలము కావలెను, పొయ్యి కావలెను, తినువారు కావలెను. ఆకలిగొన్నవాడు గుమ్మమున నిలువనిదే చివరి వ్రతమునకు తావే లేదు. కావున ఈ అన్నవిద్య ఆరంభమగు చోటు అరణ్యమైనను, పూర్తియగు చోటు జనసమూహమే.

మన దేశమున అన్నము మూడు తావులలో మనిషికి ఎదురగును: ఇంటిలో, దేవాలయములో, వీధిలో. ఇంటి అన్నమును తల్లి పేరిట గౌరవింతురు. ఆలయములోని అన్నమును ప్రసాదమని కన్నులకద్దుకొందురు. వీధిలోని అన్నమును మాత్రము నాలుకతో ప్రేమించి మనస్సుతో తక్కువగ చూతురు. అంగడిలో అమ్ముడుపోవు తిండికిని ఆధ్యాత్మిక జీవనమునకును సంబంధమేమున్నదని పలువురి తలంపు. ఆ తలంపు ఎంతవరకు నిజమో విచారింపవలసియున్నది.

తిరునాళ్ళ వీధి

తెలుగునాట ఏ చిన్న ఊరి తిరునాళ్ళకేగినను కానవచ్చు దృశ్యము ఒక్కటే. ఊరి వెలుపల పందిళ్ళు లేచియుండును. ఒక చాపపై బొరుగులు కుప్పగ పోసియుందురు. వాని ప్రక్క బెల్లపు జీళ్ళు, పంచదార చిలుకలు, ఖర్జూరపు పండ్లు. కొంచెము దూరమున మూకుడులో మిరపకాయ బజ్జీలు పొంగుచుండును. చెఱకు గడల కట్టలు బండికి ఆనించియుండును. తండ్రి భుజముపై కూర్చున్న పిల్లవాడు గాలిగోపురమును చూడక జీళ్ళ దుకాణమువంకనే చూచుచుండును.

భక్తుడనని తలంచువాడొకడు ఈ వీధిని దాటునపుడు మొగము చిట్లించును. దేవుని చూడవచ్చి జనులు తిండిని చూచుచున్నారని అతని విచారము. అతడు ఒక సంగతి మఱచినాడు. మూలవిరాట్టు గర్భాలయమునందే ఉండగా ఉత్సవమూర్తి వీధిలోనికి ఏల వచ్చుచున్నాడు? గుడిదాక నడువలేని వృద్ధుని కొఱకు, మంచము పట్టిన రోగి కొఱకు, ఒకనాడు గుమ్మము దాటనీయబడని వారి కొఱకు ఆ స్వామి తానే బయలుదేరినాడు. ఆయన రథము సాగు త్రోవయందే ఆ దుకాణములున్నవి. ఉత్సవమునకు అవి వెలుపల లేవు, లోపలనే ఉన్నవి.

ఆ పందిరి క్రింద కూర్చున్న స్త్రీ సంగతి కూడ తలంపవలెను. ఆమె ఒక తిరునాళ్ళనుండి మఱియొక తిరునాళ్ళకు మూటలు మోసికొని తిరుగుచుండును. బెల్లమును, పిండిని అప్పుపై తెచ్చియుండును. ఆ రాత్రి వాన కురిసినచో సరకు తడిసి అప్పు మిగులును. ఇతరులకు అవి మూడు దినముల ఉత్సవము; ఆమెకు అవి పిల్లల ఏడాది గ్రాసములో ఒక భాగము. స్వామి దర్శనమునకు వచ్చినవాడు ఆమెను చూడకుండ ముందునకు సాగినచో, చూడవలసిన దానిలో కొంత చూడనట్లే.

అంగడిలోని ఇద్దరు గురువులు

మహాభారతము ఈ విషయమున అద్భుతమైన సాహసమును చూపినది. తపస్వులకు గురువులుగ అది ఇద్దరు అంగడివారిని నిలిపెను.

శాంతిపర్వమునందలి జాజలి ఘోరతపస్వి. కదలక మెదలక నిలిచిన ఆయన జటలలో పక్షులు గూడు కట్టి, గ్రుడ్లు పెట్టి, పిల్లలను చేసి ఎగిరిపోయినవి. ధర్మమును సాధించితినని జాజలి గర్వించెను. అంతట, వారణాసిలోని తులాధారునకు నీవు సాటిరావని అశరీరవాణి పలికెను. జాజలి వెదకికొనుచు పోయి చూడగా తులాధారుడు వస్తువులు అమ్ముకొను వర్తకుడు. వేళ్ళు, సుగంధద్రవ్యములు, రసములు ఆయన సరకు. మద్యము మాత్రము అమ్మడు. ఆయన చెప్పిన ధర్మరహస్యము సులభమైనది: తన త్రాసు సర్వప్రాణులకును సమానము. ఎవనియందును ద్వేషము లేదు, ఎవనియందును పక్షపాతము లేదు, సరకులో వంచన లేదు. జటలలో పక్షులకు చోటిచ్చిన తపస్సుకంటె, వచ్చినవానికెల్ల సరియైన తూకమిచ్చిన చేయి ఉత్తమముగ నిలిచినది.

వనపర్వమునందలి కౌశికుని కథ ఇంకను సూక్ష్మమైనది. తనపై రెట్టవేసిన కొంగను ఆయన కోపదృష్టితో చంపెను. పిదప భిక్షకై ఒక గ్రామమున ఒక గృహద్వారమున నిలువగా, ఆ ఇల్లాలు ఆకలితో వచ్చిన భర్తకు వడ్డించి ఆలస్యముగ భిక్ష తెచ్చెను. కౌశికుడు కోపింపగా, తాను కొంగను కానని ఆమె శాంతముగ పలికి, ధర్మము తెలియగోరినచో మిథిలకు పొమ్మనెను. మిథిలలో ఆయనకు దొరికిన గురువు మాంసపు దుకాణమున కొనువారి నడుమ కూర్చున్న ధర్మవ్యాధుడు. ఆయన కౌశికుని ఇంటికి తోడ్కొనిపోయి, తాను సేవించుచున్న వృద్ధులగు తలిదండ్రులను చూపెను. తనకు లభించిన పనిని నిజాయితీతో చేయుట, పెద్దలను పోషించుట, అతిథులకు పెట్టి మిగిలినది తినుట, ఇవియే తన సాధనయని తెలిపెను.

ఈ కథ నడచిన త్రోవను పరికింపవలెను. తపస్వికి మొదటి పాఠము వంటింటి గడపవద్ద, రెండవ పాఠము దుకాణమువద్ద లభించినవి. రెండింటను ఆయన అన్నమును ఇచ్చువారి ముందు నిలువవలసివచ్చెను. ఆయన కోల్పోయినది పాండిత్యము కాదు. ఇతరుల శ్రమయెడల ఓర్పు.

ఆనందబజారు

అంగడియు ప్రసాదమును ఒక్కటియైన చోటు ఏదైన కలదా అని అడిగినచో, పూరీక్షేత్రమును చూపవలెను. శ్రీజగన్నాథుని ఆలయమును 12వ శతాబ్దిలో నిర్మింప మొదలిడిన అనంతవర్మ చోడగంగదేవుడు తెలుగువారికి పరాయివాడు కాడు. తూర్పు గంగరాజుల పూర్వపు రాజధాని కళింగనగరము శ్రీకాకుళము జిల్లాలోని ముఖలింగమేనని చరిత్రకారుల అభిప్రాయము.

పూరీ ఆలయపు వంటశాల లోకప్రసిద్ధము. అచ్చట కట్టెల పొయ్యిలపై మట్టికుండలను ఒకదానిపై ఒకటిగ పేర్చి వండుదురు. ఒకమారు వాడిన కుండను మఱల వాడరు. గంగ, యమున అను పేర్లుగల బావుల నీరే వంటకు వాడుదురు. ఉల్లి, వెల్లుల్లి ఉండవు. ఉర్లగడ్డయు టమాటాయు కూడ ఆ పొయ్యి ఎక్కవు. వండువారిని సువారులందురు. అన్నము, పప్పు, కూరలు, నేతితో వండిన కనికా అను తీపి అన్నము మొదట జగన్నాథునకు నివేదితమగును. పిదప ఆవరణలోని విమలాదేవికి నివేదింతురు. అప్పుడుగాని అది మహాప్రసాదము కాదు.

ఆ మహాప్రసాదము చేరు చోటే ఆనందబజారు. అది ఆలయపు వెలుపలి ప్రాకారములోపలనే ఉన్న అంగడి. అచట కుండలు వరుసగ పెట్టుకొని అమ్ముదురు. యాత్రికులు బేరమాడి కొందురు. రద్దీ కలదు, కేకలు కలవు, చిల్లర లెక్క కలదు. బాహ్యదృష్టికి అది మఱియొక సంత. కాని అచట ఒక నియమము ఊరి నియమములనన్నిటిని తలక్రిందులు చేసినది. మహాప్రసాదమునకు కులము లేదు, ఎంగిలి లేదు. బ్రాహ్మణుడును శూద్రుడును ఒకే కుండనుండి తినవచ్చును. ఒకని చేతినుండి మఱియొకడు పుచ్చుకొనవచ్చును. పంక్తిభేదమునకు ప్రాణమిచ్చిన కాలమునందే, ఆ సమాజపు నడుమనే, ఈ అంగడి శతాబ్దములుగ సాగినది. ఒడిశాలోను ఛత్తీస్‌గఢ్‌లోను ఇద్దరు మహాప్రసాదమును పంచుకొని జీవితాంత మైత్రిని ప్రతిజ్ఞ చేయు ఆచారము కలదు. పిదప వారు ఒకరినొకరు పేరుతో పిలువక మహాప్రసాదమనియే పిలుచుకొందురు. ఎండబెట్టిన ప్రసాదాన్నమును నిర్మాల్యమని ఇంట దాచి, మరణశయ్యపైనున్నవాని నోట వేయుదురు. అంగడిలో కొన్న మెతుకు అంత్యకాలపు తోడైనది.

ఇంత గొప్ప సత్యమును కలిగియుండియు, ఆ క్షేత్రము చిరకాలము ఒక వైరుధ్యమును మోసినది. అన్నమునకు కులము లేదన్నచోటనే మనిషికి గుమ్మము మూయబడినది. 1934 మే నెలలో హరిజనసేవ కొఱకు మహాత్మాగాంధి ఒడిశాలో పాదయాత్ర సాగించెను. ఆ యాత్ర పూరీనుండియే బయలుదేరినది. హరిజనులకు లేని ప్రవేశము తనకు వలదని ఆయన నిశ్చయము. 1938లో పూరీ జిల్లాలోని దెలాంగున సమావేశము జరుగునపుడు కస్తూరిబా మఱికొందరితో కలిసి ఆలయమునకు పోయి దర్శనము చేసికొని వచ్చెను. గాంధీజీ దానికి తీవ్రముగ బాధపడి, ఆ బాధను బహిరంగముగ వెల్లడించెను. తనవారికి ఆ భేదము పాపమని నచ్చచెప్పలేకపోయిన తప్పు తనదేనని ఆయన భావించెను.

ఈ సంఘటనలనుండి గ్రహింపవలసినది ఒకరిని నిందించుట కాదు. ఒక సత్యము ఆచారమున ఒక మూల వెలుగుచున్నంతమాత్రమున అది జీవితమంతటను వెలుగునని నమ్మరాదు. ప్రసాదమును పంచుకొన్న చేయి, ఊరికి తిరిగివచ్చి మఱల గీతలు గీయవచ్చును. అన్నము ముందు నడచినది. దానిని తిన్నవాడు వెనుకబడినాడు.

ఆహారశుద్ధి అనగానేమి

ఇచట ఒక ఆక్షేపణ రావచ్చును. ఆహారము శుద్ధమైనచో అంతఃకరణము శుద్ధమగునని ఛాందోగ్యోపనిషత్తు చెప్పుచున్నది గదా, ఎవరెవరో వండిన అన్నమును ఎక్కడపడిన అక్కడ తినవచ్చునా అని. ఈ ఆక్షేపణను త్రోసివేయక విచారింపవలెను.

శ్రీశంకరాచార్యులు ఆ వాక్యమునందలి ఆహారశబ్దమునకు ఇంద్రియములు లోనికి తెచ్చుకొను విషయములని అర్థము చెప్పిరి. రాగద్వేషమోహములు లేక విషయములను గ్రహించుటయే వారి మతమున ఆహారశుద్ధి. శ్రీరామానుజాచార్యులు తినెడి అన్నమునే గ్రహించి, దానికి మూడు దోషములుండరాదనిరి. మొదటిది జాతిదోషము, ఇది అన్నపు జాతి, అనగా పదార్థపు స్వభావము. రెండవది ఆశ్రయదోషము; ఎవరివద్దనుండి వచ్చినదో వారి దుష్టత్వము. మూడవది నిమిత్తదోషము, వెండ్రుక, ధూళి మొదలైనవి పడుట.

జాతిదోషమన్న మాటను విని పలువురు వండినవాని కులమని పొరపడుదురు. అచట జాతి యనగా పదార్థపు జాతి. వండినవాని జాతి కాదు. ఆశ్రయదోషమన్నను పతనమునకు కారణమైన పనిని, దుశ్శీలమునే తాకుచున్నదిగాని, పొట్టపోసికొనుటకై ఎండలో నిలిచి వండు పేదవాని పుట్టుకను కాదు. లంచముతో కట్టిన మేడలోని వెండిపళ్ళెపు విందులో ఆశ్రయదోషము ఉండవచ్చును. సరియైన పిండితో, సరియైన ధరకు, పరిశుభ్రముగ దోసె వేయు బండివానియందు లేకపోవచ్చును. శాస్త్రమును పట్టుకొనువాడు దానిని పూర్తిగ పట్టుకొనవలెను. శుద్ధి అను మాటను పొరుగువానినుండి దూరముగ జరుగుటకు మాత్రమే వాడుకొని, తన సంపాదనను పరీక్షించుటకు వాడుకొననివాడు ఆచార్యులిద్దరిలో ఎవరిని అనుసరించినవాడును కాడు.

రెండు గ్లాసులు

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము 15వ అధికరణమున, కులమతాది కారణములచే దుకాణములయందును, భోజనశాలలయందును, ప్రజలు వాడు బావులు చెఱువులయందును ఎవనినైనను అడ్డగింపరాదని శాసించెను. 17వ అధికరణము అస్పృశ్యతను రద్దుచేసెను. 1955లో దానిని నేరముగ శిక్షించు చట్టము వచ్చెను. రాజ్యాంగనిర్మాతలు ఓటుహక్కుతోపాటు భోజనశాలను, నీటిని కూడ పేర్కొనుట యాదృచ్ఛికము కాదు. మనుష్యుని అవమానింపదలచినవాడు మొదట అతని చేతి నీటిని, అన్నమునే నిరాకరించునని వారికి అనుభవముచే తెలియును.

అయినను పల్లెలలోని టీ దుకాణములయందు కొందరికి ఒక గ్లాసు, మఱికొందరికి వేఱుగ దూరమున ఉంచిన గ్లాసు అను దురాచారము చట్టము వచ్చిన పిదపను చిరకాలము సాగినది; పూర్తిగ సమసినదని నేటికిని చెప్పజాలము. గ్లాసు చిన్న వస్తువు. కాని దానిని తానే కడిగి పెట్టి పోవలసిన మనిషి ప్రతి ఉదయమును ఒక పాఠము నేర్చుకొనుచున్నాడు. అతనిని చూచుచున్న పిల్లలును అదే పాఠము నేర్చుకొనుచున్నారు. ఆ గ్లాసు వ్రేలాడుచున్న ఊరిలో ఎన్ని సప్తాహములు జరిగినను, ఎంత అన్నసంతర్పణము జరిగినను, అన్నమును నిందింపరాదన్న వ్రతము భంగమైనట్లే. అన్నమును తీసికొను చేతిని నిందించుటకంటె వేఱుగ అన్ననింద మఱేమున్నది?

సాధకుడైనవానికి ఇచట చేయవలసిన పని సులభము, కష్టము కూడ. ఉపన్యాసము అక్కఱలేదు. ఆ దుకాణమునకు పోయి, అందరికిని ఇచ్చు గ్లాసుననే అందరికిని ఇమ్మని నెమ్మదిగ కోరి, అట్లు ఇచ్చువఱకు తాను త్రాగకుండుట చాలును. ఊరిలో గౌరవముగలవారు పదిమంది అట్లు చేసినచో ఆ రెండవ గ్లాసు మేకునుండి దిగివచ్చును.

రొట్టెల చెఱువు, పొంగలి వీధులు

నెల్లూరులో స్వర్ణాల చెఱువు ఒడ్డున బారాషహీద్ దర్గా కలదు. అచట పన్నెండుగురు వీరుల సమాధులున్నవి. మొహర్రం మాసమున అచట రొట్టెల పండుగ జరుగును. ఆ పండుగకు ముస్లిములతోపాటు హిందువులును వేలకొలదిగ వత్తురు. ఒకనికి బిడ్డలు కావలెను, మఱియొకనికి ఉద్యోగము, వేఱొకనికి ఆరోగ్యము. సంతానపు రొట్టె, ఉద్యోగపు రొట్టె, చదువు రొట్టె, పెండ్లి రొట్టె అని రొట్టెలకు పేర్లుండును. కోరిక గలవాడు చెఱువు నీటిలో నిలిచి, అదే కోరిక నెరవేఱినవాని చేతినుండి రొట్టె పుచ్చుకొని తినును. తన కోరిక తీరినపుడు తిరిగి వచ్చి, తాను మఱియొకనికి రొట్టె ఇచ్చును.

ఈ ఆచారమును మూఢవిశ్వాసమని తేలికగ త్రోసివేయుటకు ముందు దాని కూర్పును చూడవలెను. ఇచ్చువాడు ధనవంతుడు కానక్కఱలేదు. తీసికొనువాడు పేదవాడు కానక్కఱలేదు. నిన్న యాచించినవాడే నేడు దాత. ఒక సంవత్సరము చేయి క్రిందనున్నవాడు మఱియొక సంవత్సరము చేయి పైనుంచును. పెట్టితినన్న అహంకారమునకును, పుచ్చుకొంటినన్న సిగ్గునకును అచట చోటు లేదు. రొట్టె ఇచ్చు ముస్లిము స్త్రీ ఎదుట చేతులు చాచిన హిందూ స్త్రీ, ఆమె కడుపుకోతను తన కడుపుకోతగ ఎఱుగును. మతముల సామరస్యమును గూర్చి వేదికలపై చెప్పబడుదానికంటె ఆ నీటిలో ఎక్కువ జరుగుచున్నది.

తిరువనంతపురములో ఆట్టుకాల్ భగవతికి కుంభమాసమున జరుగు పొంగాల కూడ ఇట్టిదే. స్త్రీలు వీధుల వెంట ఇటుకలతో పొయ్యిలు పేర్చుకొని కూర్చుందురు. గుడిలో మొదటి పొయ్యిని వెలిగించిన పిదప ఆ నిప్పు పొయ్యినుండి పొయ్యికి సాగును. 2009లో సుమారు 25 లక్షల స్త్రీలు పాల్గొనిరని గిన్నిస్ గ్రంథమునకెక్కినది. ఉద్యోగినియు కూలిచేయు స్త్రీయు ప్రక్కప్రక్కనే పొగలో కన్నులు తుడుచుకొనుచు వండుదురు. పక్క పొయ్యికి నిప్పు ఇచ్చినందున తన పొయ్యిలోని నిప్పు తగ్గదని వారికి వేఱుగ బోధింప పనిలేదు.

వండువాడు, తినువాడు

వీధి అన్నము పవిత్రము కాగలదన్నంతమాత్రమున అది ఎల్లప్పుడును పవిత్రమని కాదు. ఆచార్యులు చెప్పిన నిమిత్తదోషము నేడు క్రొత్త రూపములు ధరించినది. ఆనాడు వెండ్రుక, ధూళి. నేడు పదేపదే కాచిన నూనె, నిషిద్ధమైన రంగు, సిరాతో నిండిన పాత వార్తాపత్రిక. కాచిన నూనెయే మఱల మఱల కాచినచో అందు హానికరములైన పదార్థములు పెరుగును. అట్టివి 25 శాతమునకు మించిన నూనెను వాడరాదని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2018 జూలైనుండి నియమము చేసినది. వేడి తినుబండారములను వార్తాపత్రికలో చుట్టి ఇచ్చుట ఆరోగ్యమునకు చేటని 2016లోనే హెచ్చరించినది. మిఠాయిలకు పసుపు రంగు కొఱకు కలుపు మెటానిల్ యెల్లో అను రంగు తినదగినది కాదు.

దుకాణదారుడు ఈ సంగతులను చట్టభయముతో మాత్రమే పాటించినచో అధికారి కన్ను మఱలగనే విడిచిపెట్టును. తులాధారునకు అధికారి లేడు. త్రాసు మాత్రమే కలదు. తన దుకాణమునకు వచ్చిన పిల్లవాని కడుపులోనున్న వైశ్వానరాగ్నియందు తాను ఆహుతి వేయుచున్నానని తలంచినవాడు ఆ అగ్నిలో విషమును వేయజాలడు. యజ్ఞశాలలో నెయ్యిని శోధించు ఋత్వికునివలె అతడు తన నూనెను శోధించును. పూరీలో ఒకమారు వాడిన కుండను మఱల వాడకుండుటలోని నిష్ఠను, మాడిన నూనెను పాఱబోయుటలో చూపినచో అతని బండియే ఆలయమగును.

తినువానికిని ధర్మము కలదు. పెద్ద భోజనశాలలో చెప్పిన ధరను మాటాడక చెల్లించి, వీధిలోని ముసలమ్మవద్ద రెండు రూపాయల కొఱకు బేరమాడువాడు తన త్రాసును సరిచూచుకొనవలెను. ఆకలికి మించి కొని సగము పాఱవేయుట అన్నమును త్రోసివేయుటయే. తిన్న ఆకును దారిలో పడవేసినవాడు రథవీధిని అపవిత్రము చేసినవాడు. మఱునాటి ఉదయము దానిని ఎత్తువారు మఱల ఏ కులమువారో, ఏ వాడవారో అతడు ఒక్క నిమిషము తలంపవలెను.

సమాజమునకును ధర్మము కలదు. వీధివర్తకుల జీవనోపాధిని రక్షించుటకై 2014లో పార్లమెంటు చట్టము చేసినది. ప్రతి పట్టణమునను వారికి స్థలము నిర్ణయించు సంఘములో వర్తకుల ప్రతినిధులు 40 శాతమునకు తక్కువ కాకుండ ఉండవలెనని ఆ చట్టము చెప్పుచున్నది. ఉత్సవమునకు పిలిచి, ఉత్సవము కాగానే తరిమివేయుట అతిథిధర్మము కాదు. ఊరిపెద్దలు తిరునాళ్ళ ఏర్పాట్లు చేయునపుడు విద్యుద్దీపములకును ధ్వనియంత్రములకును ఇచ్చు శ్రద్ధలో కొంత, దుకాణములవారికి మంచినీటి కుళాయికిని, చెత్తతొట్టికిని, మఱుగుదొడ్లకును ఇచ్చినచో అదియు స్వామికైంకర్యమే.

ఈ ధర్మమును నిండుగ పాటించినవారు మన నేలపై లేకపోలేదు. గోదావరి పాయల నడుమనున్న లంకల గన్నవరమున నివసించిన డొక్కా సీతమ్మ (1841–1909), వేళకానివేళ వచ్చిన బాటసారికిని లేదనక వండి పెట్టినది. ఆమె గ్రంథములు వ్రాయలేదు, ఉపన్యసింపలేదు. కాని తెలుగునాట అన్నపూర్ణ అన్నచో కాశీలోని దేవితోపాటు ఆమె పేరును తలచువారు నేటికిని కలరు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజనమునకు 2024లో ఆమె పేరే పెట్టినది.

రంతిదేవుని చివరి గుక్క

భాగవతము నవమస్కంధమున రంతిదేవుని కథ వచ్చును. తనకున్నదంతయు ఇతరులకిచ్చి, ఆ మహారాజు కుటుంబముతో 48 దినములు అన్నపానములు లేక కృశించెను. 49వ దినమున ఉదయము కొంత పాయసము, గోధుమతో చేసిన తీపి భక్ష్యము, నీరు లభించినవి. తినబోవుచుండగా బ్రాహ్మణుడొకడు వచ్చెను, ఆయనకు పెట్టెను. పిదప శూద్రుడొకడు వచ్చెను, అతనికి పెట్టెను. పిదప కుక్కలను వెంటబెట్టుకొని మఱియొకడు వచ్చెను. అతనికిని ఆ కుక్కలకును మిగిలినదంతయు ఇచ్చి నమస్కరించెను. ఒక్కనికి చాలునన్ని నీళ్ళు మాత్రము మిగిలినవి. అవి త్రాగబోవుచుండగా పుల్కసుడొకడు దప్పికతో అడిగెను. ఆ నీళ్ళును ఇచ్చివేసెను. సిద్ధులు గాని మోక్షము గాని తనకు వలదనియు, ప్రాణులందరిలో నిలిచి వారి దుఃఖమును తాననుభవింపగోరుచున్నాననియు ఆయన పలికెను.

ఈ కథలో వచ్చినవారి వరుసను గమనింపవలెను. సమాజము మెట్టుమెట్టుగ క్రిందికి దింపిన వరుసయే అది. ఆ మెట్లవెంట అన్నము దిగివచ్చినది; చిట్టచివరి మెట్టున నిలిచినవానికి రాజు తన ప్రాణమైన నీటినే ఇచ్చెను. వచ్చినవారి వేషములు తొలగి దేవతలు సాక్షాత్కరించినది ఆ తరువాతనే. చివరివానిని వెడలగొట్టియుండినచో ఆ దర్శనము కలిగెడిది కాదు.

వచ్చు తిరునాళ్ళకు స్వామి మఱల వీధిలోనికి వచ్చును. దుకాణముల పందిళ్ళు మఱల లేచును. సాధకుడు కొబ్బరికాయ కొట్టి వెనుదిరుగునపుడు ఒక క్షణము అచట నిలిచి, జీళ్ళు అమ్మునామెను అమ్మా అని పిలిచి, అడిగిన ధర ఇచ్చి కొనవలెను. కొన్నదానిని ఇంటికి చేరకముందే దారిలో కంటబడిన పిల్లవానికి, వాడు ఏ వాడవాడైనను, తన చేతితో పెట్టి తాను తినవలెను. పూరీలో జగన్నాథుని ఎదుటనుండి వచ్చినదే మహాప్రసాదము. ఇచట వాని నవ్వు ఎదుట పెట్టినది కూడ అట్టిదేయని అతనికి అప్పుడు తెలియును. భృగువు చివరి మెట్టున తెలిసికొన్న ఆనందము, మొదటి మెట్టుననున్న అన్నమునందే దాగియున్నదని కూడ అప్పుడు తెలియును. ఆకలిగొన్న ప్రతి ప్రాణియందును వెలుగుచున్న ఆ వైశ్వానరమూర్తి ఎల్లరి పొయ్యిలను చల్లార్పకుండుగాక, ఎల్లరి చేతులను ముడుచుకొననీయకుండుగాక.